రాగి బుల్లెట్లలో మీ రైఫిల్‌కు ఏది? ఎంపిక, చేత్తో తూటా నింపుకోవడం

నా పనిబల్ల సొరుగులో చిన్న గాజు సీసా ఒకటుంది. అందులో మూడు బుల్లెట్లు దాచాను. మొదటిది సీసం నింపిన పాత రకం. రాగి తొడుగు అరటితొక్కలా విచ్చుకుని వెనక్కి మడిచి ఉంది, లోపలి సీసంలో సగానికి సగం ఎక్కడ రాలిపోయిందో తెలియదు. 150 గ్రెయిన్లతో (బుల్లెట్లను తూచే చిన్న బరువు కొలత) బయలుదేరిన బుల్లెట్ ఇప్పుడు తూస్తే 88. రెండోది అచ్చంగా రాగి. నాలుగు రేకులు పువ్వులా వెనక్కి విచ్చుకున్నాయి, తూకం 149. జింక రెండు భుజాలనూ దాటి అవతలి చర్మం కింద దొరికింది. మూడోది రెండోదానితోపాటు ఒకే డబ్బాలోంచి తీసినది. ముక్కు కొస కాస్త పగిలిందే తప్ప మిగతాదంతా కొత్తదానిలాగే ఉంది. అది జింకను దాటిపోయి వెనకున్న మట్టిగట్టులో దిగబడింది, తవ్వి తీశాను. ఆ సాయంత్రం గాయపడ్డ జింక జాడ పట్టుకోవడానికి నాకు మూడు గంటలు పట్టింది.

ఒకే డబ్బా, ఒకే తుపాకి మందు, ఒకే రైఫిల్. తేడా అంతా దూరంలో ఉంది. రెండోది సుమారు 120 గజాల దగ్గర తాకింది, మూడోది 430 గజాల దగ్గర. అందుకే ఏ కంపెనీది కొనాలి అని ఎవరైనా అడిగితే ముందు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ బుల్లెట్ జంతువును తాకేటప్పటికి ఎంత వేగంతో ఉంటుంది? ఈ సంఖ్య తెలియకుండా రాగి బుల్లెట్ ఎంచుకోవడం కొలత లేకుండా చెప్పులు కొనడమే.

మాటల విషయంలో ఒక స్పష్టత. ఇక్కడ బుల్లెట్ అంటే రైఫిల్ గొట్టంలోంచి, అంటే బారెల్‌లోంచి, దూసుకుపోయే లోహపు ముక్క మాత్రమే. ఇత్తడి కేసు, ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), మందు, బుల్లెట్ నాలుగూ కలిస్తే తూటా. ఇదంతా చట్టబద్ధంగా లైసెన్సుతో వేటాడేవారి కోసం, ఇంట్లో తూటాలు నింపుకోవడానికి అనుమతి ఉన్న చోట ఉండేవారి కోసం రాస్తున్నాను.

## అసలు రాగికి ఎందుకు మారాలి

సీసం మెత్తన. వేగంగా తాకినప్పుడు ముక్కలవుతుంది, ఆ ముక్కల్లో కొన్ని కంటికి ఆననంత చిన్నవి. వేటాడిన జంతువు కళేబరాన్ని ఎక్స్‌రే తీస్తే గాయం చుట్టూ చాలా దూరం వరకు తెల్లని చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. ఆ మాంసం మన పళ్లెంలోకి వస్తుంది, అడవిలో వదిలేసిన పేగులు గద్దలకూ రాబందులకూ ఆహారమవుతాయి. కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందు జాతి 1987 నాటికి ప్రపంచం మొత్తంలో 27 పక్షులకు పడిపోయింది. వాటిని చంపుతున్న ప్రధాన కారణాల్లో సీసపు విషం ఒకటి. కాలిఫోర్నియా రాష్ట్రం 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు బుల్లెట్లను పూర్తిగా నిషేధించింది. డెన్మార్క్ 2024 ఏప్రిల్‌లో రైఫిల్ వేటకు అదే నియమం తెచ్చింది.

చట్టం లేని చోట కూడా నేను రాగినే వాడుతున్నాను. ఇంట్లో పిల్లలు తినే మాంసం విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అయితే ఒక నిజం చెప్పాలి. చాలా ప్రైమర్లలో ఇప్పటికీ సీసపు సమ్మేళనం ఉంటుంది. కాబట్టి రాగి బుల్లెట్ వాడినా, ఖాళీ కేసులు శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ము పీల్చకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

తాకే వేగం. రాగి సీసం కన్నా గట్టిది. ముక్కులోని రంధ్రంలోకి తడి కణజాలం జొరబడి లోపలి నుంచి ఒత్తిడి పెంచితేనే రేకులు విచ్చుకుంటాయి. వేగం తగ్గితే ఆ ఒత్తిడి చాలదు, బుల్లెట్ సన్నని సూదిలా దాటిపోతుంది. సాధారణ రాగి వేట బుల్లెట్లకు తయారీదారులు చెప్పే కనీస వేగం ఎక్కువగా సెకనుకు 1,800 నుంచి 2,000 అడుగుల మధ్య ఉంటుంది. అది బుల్లెట్ విచ్చుకోవడం మొదలయ్యే గీత మాత్రమే, చక్కగా విచ్చుకునే గీత కాదు. అందుకే కంపెనీ చెప్పిన సంఖ్యకు నేను మరో 200 కలుపుకుంటాను.

దీన్ని దూరంలోకి మార్చి చూద్దాం. .308 వించెస్టర్‌లో (0.308 అంగుళాల మందమున్న బుల్లెట్ వాడే తూటా రకం) 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్ 2,820 అడుగుల వేగంతో బయలుదేరితే 200 గజాల దగ్గర సుమారు 2,370, 300 దగ్గర 2,160, 400 దగ్గర 1,960 ఉంటుంది. ప్రతి 100 గజాలకూ సుమారు 200 అడుగులు పోతున్నాయి. ఇక పొట్టి బారెల్ వల్ల మొదట్లోనే 150 తగ్గిందనుకోండి, మీ పరిధి 75 గజాలు లోపలికి జరిగినట్టే. పొట్టి రైఫిల్ మోయడానికి హాయి. ఆ హాయికి చెల్లించే మూల్యం ఇది.

బుల్లెట్ పొడవు, బారెల్ మెలిక. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు, రాగిది 8.96. కాబట్టి ఒకే బరువుకు, ఒకే మందానికి రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పొడవైన బుల్లెట్ గాలిలో స్థిరంగా ఉండాలంటే వేగంగా తిరగాలి, అంటే బారెల్ లోపలి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. బరువు చూసి మెలిక సరిపోతుందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. స్థిరత్వాన్ని తేల్చేది ప్రధానంగా పొడవు.

లెక్క చూడండి. .308 మందంలో 168 గ్రెయిన్ల రాగి బుల్లెట్ పొడవు 1.40 అంగుళాలు అనుకుందాం. 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బారెల్‌లో మిల్లర్ సూత్రం (బుల్లెట్ కొలతలు, మెలిక బట్టి స్థిరత్వాన్ని అంచనా వేసే లెక్క) ప్రకారం దాని స్థిరత్వ సంఖ్య 1.6 దాటుతుంది. 1.5 వస్తే నిశ్చింత. అదే బుల్లెట్‌ను 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత బారెల్‌లో పెడితే 1.13కు పడిపోతుంది. వెచ్చని మధ్యాహ్నం కాగితం మీద గుండ్రని చిల్లులే పడవచ్చు, కానీ గాలి చిక్కబడే చల్లని ఉదయం అది తడబడుతుంది. ఇదే బారెల్‌కు 130 గ్రెయిన్లది వాడితే ఇబ్బంది తీరుతుంది. ప్లాస్టిక్ ముక్కున్న బుల్లెట్లకు ఈ సూత్రం కాస్త తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే పొడవులో ఆ ముక్కు వాటా ఉన్నా బరువులో దాదాపు లేదు. అయినా తక్కువ చూపించడం మనకు మంచిదే.

ఈ రెండు కొలతలూ కలిస్తే రాగికి ఉన్న అసలు సూత్రం తేలుతుంది: సీసంలో వాడిన బరువు కన్నా ఒక మెట్టు దిగండి. సీసంలో 180 వాడినవారు రాగిలో 150 లేదా 165కు, 150 వాడినవారు 130కు రావచ్చు. తేలికైనది వేగంగా వెళుతుంది, పొట్టిగా ఉంటుంది, రాగి కాబట్టి బరువు కోల్పోదు. 88 గ్రెయిన్లుగా మిగిలిన సీసపు బుల్లెట్‌తో పోలిస్తే 130గా వెళ్లి 130గానే మిగిలేది లోతుకు పోతుంది.

గాయం తీరు, మ్యాగజీన్ (రైఫిల్‌లో తూటాలు పేర్చే అర) పొడవు, కేసులో చోటు. మొదటిది రకాన్ని బట్టి మారుతుంది, కింద చెబుతాను. మిగతా రెండూ తూటా నింపేటప్పుడు తేలేవి.

## రకాలు ఎదురెదురుగా

| రకం | ఉదాహరణలు | తక్కువ వేగంలో | లోపల చేసే పని | ఎవరికి |
|---|---|---|---|---|
| ప్లాస్టిక్ ముక్కు, రేకులు నిలిచేవి | బార్న్స్ టీటీఎస్‌ఎక్స్, హోర్నడీ సీఎక్స్, నాస్లర్ ఈ-టిప్ | మధ్యస్థం | లోతుగా, నేరుగా | ఎక్కువ మందికి |
| తెరిచిన ముక్కు, రేకులు నిలిచేవి | బార్న్స్ టీఎస్‌ఎక్స్ | కాస్త బలహీనం | లోతుగా | దగ్గరి దూరాలు, పెద్ద జంతువులు |
| రేకులు విడిపోయేవి | హ్యామర్ హంటర్, కటింగ్ ఎడ్జ్ రాప్టర్ | బుల్లెట్‌ను బట్టి | మొదట్లో విస్తృతం, మొద్దు లోతుకు | సన్నని ఛాతీ జంతువులు, ఊపిరితిత్తుల గురి |
| దూరపు ఆకారం | బార్న్స్ ఎల్‌ఆర్‌ఎక్స్ | మెరుగు | లోతుగా | బిగువు మెలిక ఉన్నవారు |
| మొద్దు ముక్కు | లపువా నాచురలిస్ | మధ్యస్థం | వెడల్పుగా | దట్టమైన అడవి |
| లీవర్ రైఫిల్‌కు | హోర్నడీ మోనోఫ్లెక్స్, చదును ముక్కు టీఎస్‌ఎక్స్ | మెరుగు | మధ్యస్థ లోతు | గొట్టపు మ్యాగజీన్ ఉన్నవారు |

### ప్లాస్టిక్ ముక్కు, నిలిచే రేకులు

మొదటిసారి రాగికి వచ్చేవారు ఇక్కడే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కు తాకగానే వెనక్కి నొక్కుకుని రంధ్రాన్ని తెరుస్తుంది, గాలి నిరోధాన్నీ తగ్గిస్తుంది. ఒంటి చుట్టూ కోసిన గాడులు బారెల్‌తో రాపిడి తగ్గిస్తాయి. బార్న్స్ కంపెనీ 1989లో తెచ్చిన తొలి ఎక్స్ బుల్లెట్‌కు ఈ గాడులు లేవు. బారెల్‌లో రాగి విపరీతంగా పేరుకునేది, గురి కుదరక చాలామంది విసిగిపోయారు. 2003లో గాడులతో టీఎస్‌ఎక్స్ వచ్చాకే ఆ చెడ్డపేరు పోయింది. రాగి బుల్లెట్లకు గురి రాదు అని నేటికీ చెప్పేవారు ఆ పాత రోజుల సంగతే చెబుతున్నారు.

ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప? నిజం చెప్పాలంటే జంతువు మీద తేడా తక్కువ. టీటీఎస్‌ఎక్స్ రాగి, ఈ-టిప్, సీఎక్స్ రాగి మిశ్రమాలు. మిశ్రమం బారెల్‌ను కాస్త తక్కువ మురికి చేస్తుందని వాటిని ఇష్టపడేవారు చెబుతారు. మీ రైఫిల్ దేనితో చిల్లులన్నీ దగ్గరదగ్గరగా చిన్న గుంపుగా వేస్తుందో, దేనికి మీ మందుతో తయారీదారు ప్రచురించిన మందు లెక్కలు ఉన్నాయో, అదే మీది.

లోపం ఒకటుంది. ఈ రకం నేరుగా, సన్నగా దాటిపోతుంది. పక్కటెముకల మధ్య నుంచి ఊపిరితిత్తుల్లోకి దిగితే జంతువు వెంటనే పడకుండా 60, 80 గజాలు పరుగెత్తడం మామూలే. సీసానికి అలవాటైన కన్నుకు ఇది తప్పిపోయిన గురిలా కనిపిస్తుంది. గురిని కాస్త ముందుకు, భుజం ఎముక మీదికి జరపండి. సీసం భుజాన్ని తాకితే మాంసం పాడవుతుందని భయపడేవాళ్లం. రాగి ఎముకను విరిచి ముందుకు పోతుంది, పాడయ్యే మాంసం తక్కువ.

### రేకులు విడిపోయేవి

ఇవి పూర్తిగా వేరే ఆలోచన. తాకిన కొద్దిసేపటికే ముందు భాగం కావాలనే విరిగి నాలుగు వైపులా చెదిరిపోతుంది, వెనుక భాగం చదునైన మొద్దులా నేరుగా దాటుతుంది. ఊపిరితిత్తుల మీద గురి పెట్టే అలవాటు మార్చుకోలేనివారికి ఇది నచ్చుతుంది. నేను చూసినంతలో జంతువు త్వరగా పడుతుంది.

కానీ మాంసం విషయంలో ఆలోచించండి. విరిగిన రేకులు సీసంలా విషం కావు, అయినా అన్నం ముద్దలో రాగి ముక్క పంటికి తగలడం ఎవరికీ ఇష్టం ఉండదు. గాయం చుట్టూ కాస్త ఎక్కువగా కోసి పారేయాలి. మెలిక విషయంలో ఈ తయారీదారులు కచ్చితంగా ఉంటారు. బుల్లెట్ పక్కన రాసిన కనీస మెలికను సలహాగా కాక షరతుగా తీసుకోండి.

### దూరపు ఆకారం

ఎల్‌ఆర్‌ఎక్స్ లాంటివి పొడవైన ముక్కుతో గాలిని బాగా చీలుస్తాయి, తక్కువ వేగంలోనూ విచ్చుకునేలా చేసినవి. కానీ పొడవైనవి, అంటే మెలిక బిగువుగా ఉండాలి. 8 అంగుళాలకు చుట్టు తిరిగే 6.5 క్రీడ్‌మోర్ (ఇదో తూటా రకం) బారెల్‌కు ఇవి చక్కగా కుదురుతాయి. పాత బారెల్‌కు కొనే ముందు పొడవు కనుక్కుని లెక్క వేయండి. ఇంకో మాట. తక్కువ వేగంలో విచ్చుకుంటుందని ఉన్న బుల్లెట్ కొనడం దూరం నుంచి కాల్చడానికి అనుమతిపత్రం కాదు.

### లీవర్ రైఫిల్, ఇతరులు

లీవర్ రైఫిల్ అంటే కింది మీటను ఆడించి తూటా ఎక్కించేది. దాని గొట్టపు మ్యాగజీన్‌లో ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌ను ఆనుకుని ఉంటుంది. గట్టి మొనదేలిన ముక్కు అక్కడ ప్రమాదం, రైఫిల్ తన్నినప్పుడు ప్రైమర్ పేలవచ్చు. ఈ రైఫిళ్లలో వాడే .30-30 తూటాకు మెత్తని సాగే ముక్కున్న మోనోఫ్లెక్స్ గాని, చదును ముక్కు రాగి గాని మాత్రమే వాడాలి. .300 బ్లాక్‌అవుట్ లాంటి నెమ్మది తూటాలకు బార్న్స్ 110 గ్రెయిన్ల టాక్-టీఎక్స్‌ను ప్రత్యేకంగా చేసింది. ఆ మందానికే చెందిన మామూలు రాగి బుల్లెట్ ఆ వేగంలో విచ్చుకోదు. మొద్దు ముక్కు నాచురలిస్ చెట్ల మధ్య దగ్గరి వేటకు బాగుంటుంది, దూరానికి కాదు.

### సీసంతోనే ఉండిపోవాలా

చట్టం అనుమతిస్తే, మీ వేట నిజంగా 400 గజాలు దాటేదైతే, సీసాన్ని తొడుగుకు అతికించిన రకం తక్కువ వేగంలో రాగి కన్నా నమ్మకంగా విచ్చుకుంటుంది. ఇది దాచాల్సిన విషయం కాదు. ముక్కలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. ఆ దూరం నుంచి కాల్చకుండా దగ్గరికి నడవడమే నా ఎంపిక. నడవలేనివారి ఎంపిక వేరుగా ఉండవచ్చు.

## చేత్తో నింపేటప్పుడు

ముందు అన్నిటికన్నా ముఖ్యమైనది. సీసపు బుల్లెట్ లెక్కలను అదే బరువు రాగికి వాడకండి. పొడవైన రాగి బుల్లెట్ కేసులోకి ఎక్కువ దిగి మందు చోటును ఆక్రమిస్తుంది. రాగి గట్టిది కాబట్టి బారెల్ గాడుల్లోకి ఒరుసుకుంటూ దిగేటప్పుడు ఒత్తిడి వేరుగా పెరుగుతుంది. ఆ బుల్లెట్‌కు, ఆ మందుకు, ఆ కేసుకు తయారీదారు ప్రచురించిన లెక్కల్లో కనిష్ఠం దగ్గర మొదలుపెట్టండి. ఇద్దరు తయారీదారుల రాగి బుల్లెట్లు ఒకే బరువైనా లెక్కలు కలపవద్దు. నేను ఇక్కడ ఒక్క మందు బరువు కూడా రాయకపోవడానికి కారణం ఇదే.

బారెల్‌ను పూర్తిగా శుభ్రం చేశాకే మొదలుపెట్టండి. పాత బుల్లెట్ల తొడుగు పొర మీద కొత్త రాగి సరిగా కుదరకపోతే రెండు వారాలు మందు మార్చుకుంటూ తిప్పలు పడాలి. నేను పడ్డాను. అమోనియా ఉన్న రాగి ద్రావకం పోసి, కొంత సేపు ఉంచి, గుడ్డముక్క దూర్చితే నీలం రంగులో బయటికి వస్తుంది, అది కరిగిన రాగి. మళ్లీ మళ్లీ చేస్తుంటే నీలం లేతబడి చివరికి తెల్లగా వస్తుంది. ఇత్తడి కడ్డీ కొస గాని కంచు బ్రష్ గాని వాడితే ద్రావకం దాన్నే కరిగించి నీలం చూపిస్తూనే ఉంటుంది. నైలాన్ బ్రష్, ప్లాస్టిక్ కొస వాడండి. నేను ఒక రోజంతా నా కడ్డీ కొసను శుభ్రం చేశానని సాయంత్రానికి గాని తెలియలేదు.

ఇక బుల్లెట్‌ను ఎంత లోతుగా దింపాలి? సీసపు బుల్లెట్లను గాడుల గట్టుకు (బారెల్‌లో గాడులు మొదలయ్యే చోటు) దాదాపు ఆనించి పెట్టే అలవాటున్నవారు ఇక్కడ అలవాటు మార్చుకోవాలి. గట్టుకూ బుల్లెట్ భుజానికీ (ముక్కు వంపు పూర్తి మందానికి చేరే చోటు) మధ్య ఖాళీ ఉండాలి. 0.050 అంగుళాల ఖాళీతో మొదలుపెట్టమని బార్న్స్ చెబుతుంది. అక్కడి నుంచి 0.020 చొప్పున వెనక్కి జరుపుతూ చూడండి. చాలా రైఫిళ్లు నేను ఊహించిన దానికన్నా ఎక్కువ ఖాళీతో బాగా కాల్చాయి. కొలత ముక్కు కొస నుంచి కాక భుజం నుంచి తీసుకోండి, ప్లాస్టిక్ ముక్కుల పొడవు ఒక్కోదానికి కొద్దిగా మారుతుంది. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. .308 తూటా మొత్తం పొడవు ప్రమాణం ప్రకారం గరిష్ఠంగా 2.810 అంగుళాలు. దూరపు సీసపు బుల్లెట్లతో ఈ హద్దు ఇరుకు. ఖాళీ కోరుకునే రాగికి అది అడ్డు కాదు.

బుల్లెట్‌ను కేసులోకి దింపే అచ్చు (డై) లోపలి కాండం ముక్కు పొడవుకు సరిపోవాలి. అది ప్లాస్టిక్ కొసను నొక్కితే కొస వంకరపోతుంది. ఒక బుల్లెట్ దింపి, బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూడండి. నొక్కిన గుర్తు కొస మీద కాక కింద వంపు మీద సన్నని వలయంగా కనిపించాలి. కేసు మూతి లోపలి అంచును కాస్త ఏటవాలుగా గీరితే రాగి గీసుకోకుండా నున్నగా దిగుతుంది. బుల్లెట్ ఒంటి మీద గాడులు ఉన్నంత మాత్రాన కేసు మూతిని వాటిలోకి నొక్కాల్సిన పని లేదు, అవి రాపిడి తగ్గించడానికి ఉన్నవి.

పొడవైన బుల్లెట్ వల్ల కొన్ని లెక్కల్లో మందు నొక్కుకుంటుంది. దింపేటప్పుడు చేతికి కరకరమని తెలుస్తుంది. తయారీదారు లెక్కలో అలా అనుమతించి ఉంటే భయం లేదు, కానీ నొక్కుకున్న మందు మెల్లగా బుల్లెట్‌ను బయటికి నెడుతుంది. నింపిన రోజు పొడవు కొలిచి, మర్నాడు మళ్లీ కొలవండి. పెరిగితే గుండ్రని చిన్న గింజల మందుకు మారండి, అదే బరువుకు తక్కువ చోటు పడుతుంది. దాని లెక్కలు కూడా ప్రచురించినవే కావాలి.

బోల్టు ఎత్తేటప్పుడు బిగుసుకోవడం, ప్రైమర్ చదునవడం, కేసు అడుగున మెరిసే ముద్ర పడటం, మందును మెట్టుమెట్టుగా పెంచేటప్పుడు వీటిలో ఏది కనిపించినా ఆ మెట్టు దగ్గరే ఆగి వెనక్కి రావాలి. ఇవేవీ కనిపించకపోయినా ఒత్తిడి ఎక్కువే అయి ఉండవచ్చు. వేగం కొలిచే పరికరం చూపే సంఖ్య ప్రచురించిన వేగాన్ని మించితే అదీ హెచ్చరికే.

రాగి బుల్లెట్లు ఖరీదైనవి, తరచూ 50 చొప్పున డబ్బాలో వస్తాయి. వృథా కాకుండా నేను ఇలా పంచుకుంటాను: మందు మెట్లకు 12, లోతు పరీక్షకు 15, ఎంచుకున్న తూటాతో ఒకే లక్ష్యం మీద 8, మిగిలిన 15 వేటకు. సాధనకు చవకైన సీసపు తూటాలు వాడవచ్చు. కానీ రెండూ ఒకే చోట తాకవు, వేట కాలానికి ముందు రాగితో గురి మళ్లీ సరిచేసుకోవాలి.

## మీరు ఏ కోవకు చెందుతారు

.243 లాంటి చిన్న మందం ఉన్నవారికి రాగి వరమే. తేలికైన సీసపు బుల్లెట్ ఎముక మీద చిట్లే భయం పోతుంది. 80 గ్రెయిన్ల చుట్టుపక్కల, ప్లాస్టిక్ ముక్కు, నిలిచే రేకులు. ఎక్కువ ఆలోచించకండి.

.308, .30-06 ఉన్నవారికి 150 గ్రెయిన్ల ప్లాస్టిక్ ముక్కు రకం ఎక్కువ పనులకు సరిపోతుంది. బారెల్ పొట్టిదైతే, మెలిక సడలుగా ఉంటే 130కి దిగండి. పెద్ద బరువు జంతువులకు 165 లేదా 168, మెలిక అనుమతిస్తేనే.

వేగవంతమైన మ్యాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే పెద్ద తూటా) ఉన్నవారికి దగ్గరి దూరంలో సీసం చెదిరిపోతుంది, రాగి నిలుస్తుంది. వీరికి తెరిచిన ముక్కు టీఎస్‌ఎక్స్ కూడా చక్కటి ఎంపిక, వేగానికి కొదవ లేదు కాబట్టి.

మాంసమే ప్రధానమైనవారు నిలిచే రేకులు, భుజం గురి ఎంచుకోండి. జంతువు పారిపోతే వెతకడం కష్టమైన దట్టమైన పొదల్లో వేటాడేవారు రేకులు విడిపోయే రకాన్ని పరీక్షించి చూడండి.

## వెనక ఏముందో చూడండి

రాగి జంతువును దాటిపోతుంది, ఇంకా చాలా శక్తితో. ఒకదాని వెనక ఇంకొకటి నిలబడిన మందలో ఇది నిజమైన సమస్య. నేల రాయిదైతే, ఎండు గడ్డి అయితే ఇంకో జాగ్రత్త కావాలి. అమెరికా అటవీ సేవా విభాగం 2013లో ప్రచురించిన ప్రయోగాల్లో బుల్లెట్లను ఉక్కు పలకకు కొట్టి, వేడి ముక్కలు ఎండిన పీట్ (కుళ్లిన మొక్కల మట్టి) మీద పడేలా చేశారు. ఉక్కు భాగాలున్నవీ, అచ్చ రాగివీ నిప్పు అంటించాయి. సీసపు గుండె ఉన్న మామూలు తొడుగు రకం అంటించడం అరుదు. ఎండాకాలం చివర్లో సాధనకు ఉక్కు లక్ష్యాలు వాడేవారు దీన్ని మరిచిపోవద్దు.

నా రైఫిల్ బారెల్ 18 అంగుళాలది, 150 గ్రెయిన్ల బుల్లెట్ 2,650 అడుగులతో బయలుదేరుతుంది. తయారీదారు చెప్పిన కనీసం 1,800, నేను కలుపుకున్నది 200, అంటే 2,000 అడుగులు. లెక్క వేస్తే 310 గజాల దగ్గర ఆ వేగం మిగులుతుంది. మూడో బుల్లెట్‌ను మట్టిగట్టులోంచి తవ్విన మర్నాడే ఆ సంఖ్యను తెల్లని పట్టీ మీద రాసి, కాల్చేటప్పుడు చెంప ఆనే చోట, కంటికి ఎదురుగా అంటించాను.